బిందెడు వాగు నీళ్ళలో ఎన్ని గింజల ఆకు

పోయినవి ముందు చెప్తాను. యాభై రెండు గొర్రెలు, పధ్నాలుగు మేకలు, కొన్నవాళ్ళ మంద వెంటే నడిచిపోయి తిరిగి రాని ఒక కుక్క. అనంతగిరి వాలు మీదకు మా మంద తొక్కిన బాట ఒకటి, ఇప్పుడు గడ్డి కింద ఉంది. వీటన్నిటికీ కాగితం మీద రాసిన కారణం ఒక్కటే: గొర్రెల పెంటికల వల్ల వాగు నీళ్ళు ఎర్రబడుతున్నాయని.

అది ఎనభై ఒకటో సంవత్సరం. తొలకరి పడగానే అడవి వాగు చాయ్ డికాక్షన్ రంగుకు తిరిగేది. కింద కాలనీ కుళాయిల్లోకి ఆ నీళ్ళే వచ్చేవి. జనం గొడవ చేశారు. నీళ్ళ పని చూసే సాబు మా అన్నను పిలిపించి, పదిహేను రోజుల్లో మంద వాలు దిగాలని, మళ్ళీ ఎక్కొద్దని కాగితం ఇచ్చాడు. అన్నకు చదువు రాదు. నాది అయిదో తరగతి. తాండూరు బండల గనిలో మునీంని. రోజుకు ఎన్ని అడుగుల బండ లేచిందో రాయడం నా పని. కొలవని మాటను నేను ఒప్పుకోను.

ఆదివారం రైలెక్కి వికారాబాదులో దిగి సాబు దగ్గరికి పోయాను. "ఎన్ని పెంటికలు కలిస్తే గీ రంగు వస్తది సార్? తూకం ఏమన్న ఉందా?"

"బండలు లెక్కపెట్టెటోనివి, నీళ్ళు తూస్తవా?" అని నవ్వాడు. "తూసి పట్కరా పో. అప్పుడు నా లెక్క నేను చెప్త."

ఆ వారమే వాన పడింది. మంద ఇంకా వాలు మీదే ఉంది. వాగులో బిందెడు నీళ్ళు ముంచి, మట్టి పోయేలా నాలుగు మడతల పంచెలో వడగట్టి, అన్న ఇంట్లో పొయ్యి మీద పెట్టాను.

"ఏం మర్దీ, వాగు మొత్తం ఉడకపెడ్తవా? కట్టెలు ఎవరు తెస్తరు?" అంది వదిన.

నీళ్ళన్నీ ఇగిరాక అడుగున మిగిలిన గసిని గీకి, తాండూరులో మా గల్లీ కంసాలికి ఇచ్చాను. ఆయన గురివింద గింజలతో తూచేవాడు. ఇదంతా అడవిలో రాలిన ఆకు నానిన సారమే, పెంటికలు కాదు అన్నాను. ఆయన నా మొహం చూశాడు.

"ఇన్నేండ్ల సంది తాండూర్ల ఉన్నవ్, నీళ్ళు కాగితే గిన్నెకు సున్నం పడ్తదని ఎరుక లేదా?"

ఆయన పాత పట్టుచీరల జరీ అంచులు కాల్చి వెండి తీసేవాడు. దారం కాలిపోతుంది, వెండి మిగులుతుంది; తగ్గిన తూకమే దారం. నా గసినీ అలాగే సన్నసెగ మీద కాల్చాడు. సున్నం మిగిలింది. మూడున్నర గింజలు తగ్గింది.

అయితే ఆ మూడున్నర ఆకుదా, పెంటికలదా? దానికి జవాబు ఆ కాగితమే ఇచ్చింది. వాలు దిగిన మందకు మేత లేక ఎండాకాలంలో అన్న మొత్తం అమ్మేశాడు. మరుసటి ఏడు తొలకరికి ఆ వాలు మీద ఒక్క గిట్ట కూడా లేదు. వదిన బిందె ముంచి పెట్టి, "ముట్టకుండ్రి, గది మా మర్ది చాయ్" అని పిల్లలను అదిలించిందట. తూస్తే నాలుగు గింజలు.

పది రోజులు ఎడతెగని వాన తర్వాత మళ్ళీ తూచాను: ఒకటి. పక్షం రోజులు ఎండ కాసి మళ్ళీ కురిశాక: మూడు. వాడిన చాయ్‌పత్తిలో మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తే రంగు దిగనట్టే ఇదీ. రాలిన ఆకు ఎంత ఎక్కువ కాలం ఎండితే తర్వాతి వాన అంత ఎక్కువ సారం లాగుతుంది. గొర్రెలున్నా అంతే, లేకపోయినా అంతే.

కాగితమైతే ఫైల్లో పోతుందని, ఆ నాలుగు అంకెలూ వరుసగా ఒక బండ ముక్క మీద చెక్కించాను. కింద అయిదో అంకెకు చోటు వదిలాను. భుజాన పెట్టుకుని ఆఫీసుకు మోశాను.

"గిదేంది? యాడ పెట్టాలె?" అన్నాడు సాబు.

"గడప కాడ పెట్టుండ్రి సార్. వచ్చెటోళ్ళు సదువుకుంటరు. మీ లెక్క చెప్తానంటిరి. బిందెకు ఎన్ని గింజల పెంటికలు?"

"ఆ లెక్క పైనుంచి రావాలె."

ఆయన బదిలీ అయ్యాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. అన్న నా గనిలోనే బండలు లేపుతూ ముసలివాడయ్యాడు. నేను మాత్రం ప్రతి తొలకరికీ రైలెక్కి పోయి అదే ప్రశ్న అడుగుతున్నాను. బండ గడప దగ్గరే ఉంది. దాని మీద చెప్పులు విప్పుతారు. మూడున్నర, నాలుగు, ఒకటి, మూడు ఇంకా కనబడతాయి. వాళ్ళ అంకెకు వదిలిన చోటు నున్నగానే ఉంది.