వంటింటి కిటికీలో గోనె సంచి

మా వంటింటి చిన్న కిటికీకి ఒక అద్దం లేదు. ఎప్పుడో పగిలింది, మళ్లీ వేయించలేదు. చలికాలం పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడితే గాలి మెడ మీద కొడుతుంది. వానాకాలం జల్లు నేరుగా వచ్చి పప్పు డబ్బాల మీద పడుతుంది. మా ఆయన అద్దాల షాపతన్ని వెంటబెట్టుకుని వచ్చిన ప్రతిసారీ మా అత్తమ్మ అతన్ని గడప దగ్గరే ఆపి పంపించేసింది.

"ఉండనియ్యి. దానికి తొవ్వ ఉండాలె" అంటుంది.

దేనికి తొవ్వ అని ఇప్పుడు మా ఇంట్లో ఎవరమూ అడగం. ఆ దారిన వచ్చేది ఏదీ లేదని ఆమెకూ తెలుసు.

మాది మొయినాబాద్ పక్కన, ఈసీ వాగుకు దగ్గరగా పల్లంలో ఉన్న వాడ. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన ట్రాలీ ఆటోలో చేవెళ్ల మార్కెట్ నుంచి కూరగాయలు పట్నానికి చేరవేస్తాడు. కొడుకు హాస్టల్లో చదువుతున్నాడు. అందుచేత పగలంతా ఇంట్లో ఉండేది మా అత్తమ్మ ఒక్కతే, ఆమెకు తోడు ఒక పిల్లి. తోక సగం తెగిన బూడిద రంగు పిల్లి. ఎవరూ తెచ్చింది కాదు, దానంతట అదే ఆ పగిలిన అద్దం లోంచి దూరి వచ్చింది. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరకుండవంటారు. మా ఇంట్లో తిరిగే కాలు పిల్లిది, తిట్టే నోరు అత్తమ్మది. "ఓసి దొంగమొకందానా, మళ్లొచ్చినవా" అని తిడుతూనే పాలబువ్వ కలిపేది. ఆ పాలలో నీళ్లు కలిపేది కాదు. నా చాయలో మాత్రం కలిపేది.

ఆ ఏడు వానాకాలంలో పిల్లి ఈనింది. మొదట పక్కింటి వాళ్ల కట్టెల కొట్టంలో. నాలుగు రోజులకే పిల్లలను నోట కరచుకుని ఇంకో ఇంటికి మార్చింది. తర్వాత ఒక పొద్దున చూస్తే మా వంటింటి సజ్జ మీద, పెద్ద గిన్నెల వెనక, పాత చెద్దరులో మూడు పిల్లలతో పడుకుని ఉంది. మా అత్తమ్మ ముఖం వెలిగిపోయింది.

"పిల్లి పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతది. మనది మూడో ఇల్లు. మూడో ఇంటికే మనకాడికొచ్చింది సూడు" అంది, పిల్లి మా మర్యాద చూసి ఎంచుకున్నట్టు.

అది సజ్జ మీద ఉన్నన్ని రోజులూ వంటింట్లో గిన్నె చప్పుడు కావద్దు, మిక్సీ వేయొద్దు. నా బాలింతతనంలో నాకు కూడా అంత మర్యాద జరగలేదు. ఆ మాట పైకే అన్నాను. "నువ్వు ఏడిండ్లు తిరిగితివా" అంది.

తర్వాత ముసురు పట్టింది. వాన విడవకుండా కురిసింది. పైన చెరువులన్నీ అలుగు దుంకుతున్నాయని, వాగు రోడ్డెక్కుతున్నదని ఫోన్లలో చెప్పుకున్నారు. వాగు నీళ్లు మాకు కొత్త కాదు. ఇదివరకు వచ్చినా వాడ పక్కన బీడు మీదుగా సాగిపోయేవి. ఇప్పుడు ఆ బీడు ప్లాట్ల వెంచర్ అయింది. మట్టి పోసి ఎత్తు చేసి చుట్టూ గోడ కట్టారు. నీళ్లు ఎటూ పోలేక మా వాకిళ్లలోనే నిలబడ్డాయి. పొద్దున్నే ఎగువన ఉన్న ఫాంహౌసుల్లోంచి పెద్ద కార్లు వరసగా వెళ్లిపోయాయి. ఒక కారు వెనక సీటులో రెండు కుక్కలు కూర్చుని అద్దంలోంచి మమ్మల్ని చూశాయి. నీళ్లొస్తున్న సంగతి మాకన్నా ముందు వాటికి తెలిసింది.

మధ్యాహ్నం వార్డు మెంబరు మోకాలు లోతు నీళ్లలో ఇంటింటికీ తిరిగాడు. "జల్ది ఎల్లాలె. ఉన్నోళ్లు ఉన్నట్టు చర్చి మీదికి నడువుండ్రి. కరెంటు బందు చేసిన్రు" అని అరిచాడు. మా చర్చి గట్టు మీద ఉంటుంది, పైన ఒక హాలు కూడా ఉంది. మా ఆయన అప్పటికే చేవెళ్లలో చిక్కుకుపోయాడు, దారి మూసేశారు. నేను సర్టిఫికెట్లు, కాసిన్ని బట్టలు ప్లాస్టిక్ కవర్లలో మూటగట్టి, టీవీని మంచం మీదికెత్తి, అత్తమ్మ కోసం వంటింట్లోకి వెళ్లాను.

ఆమె స్టూలెక్కి ఉంది. గోనె సంచిని మడిచి పగిలిన అద్దం స్థానంలో కుక్కుతున్నది. అది ఊడి పడకుండా రొట్టెల పీట అడ్డం పెట్టి బిగించింది.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?"

"పిల్లలకు జల్లు కొడుతున్నది. తల్లి గూడ ఆణ్నే ఉన్నది. పాలబువ్వ పైన పెట్టిన. రెండు రోజులు ఏం ఫికర్ లేదు."

సజ్జ మీద చీకటిగా ఉంది. గిన్నెల వెనక ఏదో కదిలింది. తల్లే అనుకున్నాను. అయినా నాకు మనసొప్పలేదు. "బుట్టల పెట్టుకొని తీస్కపోదాం" అని పూలబుట్ట అందుకుని సజ్జ మీదికి చెయ్యి చాపాను. ఆమె నా చేతి మీద ఫెడీమని కొట్టింది.

"ముట్టకు! కండ్లు తెరవని పిల్లలు. మనిషి వాసన తగిలితే తల్లి మళ్ల దగ్గరికి రానియ్యది. పాలు లేక సస్తయ్. గంత గూడ ఎర్కలేదా నీకు?"

ఎరుకే. చిన్నప్పుడు మా అమ్మా అదే చెప్పేది. నేను బడి పిల్లలకు ఎన్నో మూఢనమ్మకాలు తప్పని చెబుతుంటాను గాని ఈ మాట మూఢనమ్మకమని నాకెన్నడూ తోచలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నీళ్లు సజ్జ దాకా రావు. వస్తే అదే మార్చుకుంటది, దానికి చెప్పాల్నా" అంటూ ఆమె దిగింది. ఇంటికి తాళం వేసి నడుం లోతు నీళ్లలో బడి పిల్లల్లాగా ఒకరి కొంగు ఒకరం పట్టుకుని గట్టెక్కాం.

చర్చి హాలులో వాడంతా ఉంది. మేకలు వచ్చాయి. కోళ్లు గంపల్లో వచ్చాయి. ఎవరో స్కూటరు కూడా ఎత్తుకొచ్చారు. ధర పలికేవన్నీ మెట్లెక్కాయి. వాడ కుక్కలు నీళ్లలో ఈదుకుంటూ మా వెనకే వస్తే మెట్ల దగ్గర కట్టె పట్టుకుని ఒకాయన వాటిని అదిలిస్తూ నిలబడ్డాడు. అవి తడిసిన ఒళ్లతో కింద వరండాలోనే పడుకున్నాయి. వాటి బాధ అవి పడ్డాయి, కట్టేసినవాళ్లు లేరు కాబట్టి బతికాయి.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. హాలు బాల్కనీలోంచి మా వాడ కనిపిస్తుంది. గోడలు సగానికి మునిగాయి, పైకప్పులు మాత్రం పైకే ఉన్నాయి. మా స్లాబు మీద బూడిద రంగుది ఒకటి తిరుగుతున్నది.

"అగో, సూడు సూడు, ఎట్ల తిరుగుతున్నదో దొంగమొకంది!" అని మా అత్తమ్మ పక్కవాళ్లను కూడా పిలిచి చూపించింది. నవ్వుతున్న మనిషి నవ్వుతూనే ఆగిపోయింది.

"ఇది బయటెట్లున్నది?" అంది.

పిల్లి స్లాబు అంచు మీంచి వంటింటి కిటికీకి బయట పైనున్న సజ్జా మీదికి దిగింది. తల కిందికి వంచి, ముందు కాలితో సంచిని గీకింది. గీకి, మళ్లీ పైకెక్కి, స్లాబంతా ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగింది. చర్చి జనరేటర్ ఆపినప్పుడు దాని అరుపు మాదాకా వినిపించింది.

"నేను లోపలున్నదనుకున్న బిడ్డా. లోపలున్నదనే కుక్కిన" అంది ఆమె. నన్ను బిడ్డా అని పిలవడం తక్కువ.

అప్పటి నుంచి ఆమెకు ఒకటే పని, ఎట్లాగైనా ఎవరినైనా ఆ కిటికీ దాకా పంపడం. నారింజ రంగు కోట్లు తొడుక్కున్నవాళ్లు పడవ మీద వచ్చారు. ఆమె వాళ్లకు ఎదురెళ్లి, బీపీ గోలీలు ఇంట్లో మరిచిపోయాననీ తలకాయ తిరుగుతున్నదనీ ఒక్కసారి ఇంటికాడికి తీసుకుపొమ్మనీ అడిగింది. పచ్చి అబద్ధం. గోలీలు ఆమె కొంగు ముడిలోనే ఉన్నాయి. వాళ్లు మంచివాళ్లు. గంట తిరక్కుండా దవాఖానా నుంచి గోలీల అట్ట తెచ్చి చేతిలో పెట్టి, ఒకటి మింగేదాకా నిలబడ్డారు. ఆమె మింగింది. అంతకుముందే ఒకటి వేసుకుని ఉన్నది.

ఇక నాకు ఓపిక పోయింది. "గోలీలు కాదు. మా పిల్లి పిల్లలు లోపల్నే ఉన్నయి. కిటికీల సంచి ఒక్కటి గుంజితే చాలు, తల్లి అదే పోతది" అని చెప్పేశాను.

పడవ నడిపే అతను మా స్లాబు వైపు చూశాడు, పిల్లిని కూడా చూశాడు. "అక్కా, ఆ పక్క వాడల ఒక ముసలాయన చెట్టు పట్టుకొని ఉన్నడట. ఫస్ట్ మనుషుల్ని తీయాలె" అన్నాడు. నేను పక్కకు జరిగి పడవకు దారిచ్చాను. కాని వెనక ఎవరో "పిల్లికి పడవ గావాల్నట" అని కిసుక్కుమన్నారు. తిరిగి చూస్తే మేకలాయన. "నీ మేకలకు మెట్లు దొరికినయి గనక నవ్వొస్తున్నది నీకు" అన్నాను. హాలంతా చల్లబడింది. నాకూ మనసు కాస్త చల్లబడింది, అబద్ధమెందుకు.

సాయంత్రం పాస్టరుగారు ఒక్కొక్కరినీ దేని కోసం ప్రార్థన చేయమంటారని అడిగారు. ఇల్లు అన్నవాళ్లున్నారు, టమాట తోట అన్నవాళ్లున్నారు. మా అత్తమ్మ వంతు వచ్చింది.

"కిటికీ తెరుసుకోవాలె" అంది.

ఆయనకు అర్థం కాలేదు. అయినా కళ్లు మూసుకుని, ఈ తల్లి కిటికీ తెరుచుకోవాలని అన్నారు. ఆమె అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ఆ మరుసటి పొద్దున పిల్లి ఇంకా స్లాబు మీదే ఉంది. తిరగడం మానేసింది. కిటికీ సజ్జా మీద పడుకుని ఉంది. అరుపు వినబడలేదు. వినబడకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

జేసీబీ తెచ్చి వెంచర్ గోడ పగలగొట్టాక గాని నీళ్లు దిగలేదు. అదేదో మొదటి రోజే చేసి ఉండొచ్చు. మా ఆయన చుట్టుదారిన ఎట్లాగో చేరుకున్నాడు. ముగ్గురం బురదలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లాం. తలుపు ఉబ్బిపోయి రాలేదు. మా ఆయన భుజంతో తోసి తెరిచాడు. తలుపు సందు పడీ పడకముందే పిల్లి స్లాబు మీంచి గోడ మీదికి, గోడ మీంచి మా కాళ్ల మధ్యలోంచి లోపలికి దూకింది.

వంటింట్లో బురద గీత గోడకు మా నడుం దాకా ఉన్నది. పొయ్యి బండ మీద చుక్క నీళ్లు లేవు. సజ్జ మీద అసలే లేవు. పాలబువ్వ గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది, అన్నం ఎండి పెచ్చు కట్టింది. చెద్దరు పొడిగా ఉంది. మా అత్తమ్మ చెప్పిందే నిజం, నీళ్లు సజ్జ దాకా రాలేదు. పిల్లలు నీళ్లకు చావలేదు. ఆకలికి చచ్చాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి.

పిల్లి వాటి పక్కన పడుకుని పొట్ట ఇచ్చింది. కాసేపు అట్లాగే ఉంది. తర్వాత లేచి ఒక పిల్లను మెడ దగ్గర కరచుకుని పొయ్యి బండ మీదికి దిగింది. ఇంకో ఇంటికి తీసుకుపోవాలనుకున్నట్టుంది. బండ మీద పెట్టి, ఎటు పోవాలో తెలియక మా వైపు చూసింది. మా ఆయన అవతలికి తిరిగి నిలబడ్డాడు.

"ఇగ ముట్టచ్చు" అంది మా అత్తమ్మ.

రెండు చేతులతో ఆ పిల్లను ఎత్తుకుంది. పిల్లి మెడ చాచి ఆమె వేళ్లు వాసన చూసింది. అది ముఖం తిప్పుకుని వెళ్లిపోవాలని మనసులో ఎంత కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. వెళ్లిపోతే ఆమె మాట నిజమయ్యేది. ఎట్లా చేసినా ఆ పిల్లలు దక్కేవి కావని ఏడ్చి ఊరుకునేవాళ్లం.

పిల్లి వెళ్లలేదు. ఆమె చేతుల్లో ఉన్న పిల్లను నాకడం మొదలుపెట్టింది. తల నాకింది, పొట్ట నాకింది, అడ్డం వచ్చిన ఆమె వేళ్లను కూడా నాకింది.

ఆమె పిల్లను దాని నోటికి అందేటట్టు ఇంకాస్త కిందికి పట్టుకుంది. తర్వాత, నేను పూలబుట్ట అందుకున్నప్పుడు తాను కొట్టిన నా చేతి వైపు చూసింది.

"ముట్టినంక గూడ నాకుతున్నది బిడ్డా" అంది.