మేనమామ కోసం ఆపిన జుట్టు

మా వాడికి నాలుగేళ్లు నిండినా తలమీద కత్తెర పడలేదు. పుట్టు వెంట్రుకలు పెంచలకోన గుడిలో తీయించాలి, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. ఆ మేనమామ, అంటే నా తమ్ముడు, కువైట్‌లో ఒకరింట్లో కారు నడుపుతున్నాడు. వాడు విమానం ఎక్కిన తర్వాతే వీడు పుట్టాడు. మూడో ఏట తీయిద్దామంటే తమ్ముడికి సెలవు దొరకలేదు. నాలుగోది సరి సంవత్సరం, తీయకూడదన్నారు. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది, తమ్ముడు మాత్రం "వచ్చే నెలక్కా" దగ్గరే ఆగిపోయాడు.

ఆ జుట్టుతో వేగేది ఎవరు? నేను. జడ వేస్తే పీకేస్తాడు, క్లిప్పు పెడితే నోట్లో పెట్టుకుంటాడు, దువ్వెన చూస్తే మంచం కిందకు దూరతాడు. ఆత్మకూరు బస్టాండులో ఎవరో పాపా అని పిలిస్తే ఆ కోపం ఇంటికొచ్చి నామీద తీర్చుకుంటాడు. అదంతా భరించాను. కానీ రెండోసారి కంటికి కురుపు లేచేసరికి నా ఓపిక అయిపోయింది. "మందు తర్వాత, ముందు కళ్లల్లో పడే ఆ జుట్టు తీయించమ్మా" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. "ముందర ఒక్క వెంట్రుక కోసినా దేవుడి సొమ్ము ఎంగిలి చేసినట్టేమే" అంది అత్త. మా ఆయన "మీరూ మీరూ చూసుకోండి" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో ఏదైనా తేల్చాల్సి వచ్చినప్పుడే ఆయనకు బయట పని పడుతుంది.

సాయంత్రం అత్త పాలు పోయడానికి వెళ్లగానే వాణ్ని పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టాను. మెడచుట్టూ పాత లుంగీ కట్టి, చేతికి ఫోనిచ్చి బొమ్మలు పెట్టాను. ఫోను చూడాలని తల వంచేస్తాడు. ఫోను నేను పైకి పట్టుకుంటే జుట్టు పట్టుకోవడానికి చెయ్యి చాలదు. నేను జాకెట్లు కుట్టేదాన్ని, గుడ్డ ఎలా పరిస్తే అలా పడి ఉంటుంది. వీడు ఉంటాడా? దురద అంటాడు, నీళ్లంటాడు, చెవి కోసేశావని కొయ్యకముందే ఏడుస్తాడు.

"కదలకుండా ఉండరా నాయనా."

"నేను కదల్లేదుమా, కత్తెరే కదలతా ఉండాది."

కుడివైపు ఎక్కువ తెగింది. దానికి సమం చేయబోతే ఎడమవైపు ఇంకా పైకి పోయింది. ఇలా సరిచేస్తూ సరిచేస్తూ నుదుటిమీద జుట్టన్నది లేకుండా చేశాను. వెనక భాగం ఇంకా ముట్టుకోలేదు, ఇంతలో అత్త ఖాళీ క్యాను పట్టుకుని వచ్చేసింది.

క్యాను పక్కన పెట్టింది. కింద పడిన వెంట్రుకలన్నీ ఏరి కొంగులో మూటగట్టింది. తర్వాత వాడి చేతిలో ఫోను లాక్కుని నాకిచ్చి, "నీ తమ్ముడికి నువ్వే చూపించు" అంది.

వీడియో కాల్‌లో తమ్ముడు కారులోనే కూర్చుని ఉన్నాడు. వాడు నోరు తెరవకముందే నేను మొదలుపెట్టాను. "నీ సెలవు కోసం బిడ్డ కళ్లు పోగొట్టుకోమంటావా? ఎన్ని వచ్చే నెలలురా నీకు?"

"కంట్లో మందేసినావా?" అన్నాడు.

"ఏసినాను."

"వాణ్ని వెనక్కి తిప్పక్కా, చూస్తా."

తిప్పాను. తమ్ముడు ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత, "వాడు పుట్టింది చూళ్లేదు, నడిచింది చూళ్లేదు. ఇదొక్కటన్నా నాకోసం ఆగుండాదిలే అనుకున్నానక్కా" అన్నాడు.

వాడితో పోట్లాడదామని దాచుకున్న మాటలు చాలానే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టినా కోపం మాత్రం అలాగే ఉంది. ఎవరిమీదో తెలియని ఆ కోపంతోనే, "వెనకాలది అట్టనే ఉండాదిరా. అది నీకే. ఇంక ఆలస్యం చేయకుండా బిన్నా వచ్చి కోసుకో" అన్నాను. "ఎట్టనో వస్తా" అన్నాడు. ఈలోపు మా వాడు ఫోను లాక్కోబోతూ, "మామా, పెట్టేయ్, నేను బొమ్మలు చూడాల" అన్నాడు. తమ్ముడు నవ్వి పెట్టేశాడు.

ఇప్పుడు మా వాడికి ముందు గుండు, వెనక జడ. వీధిలో నవ్వనివాళ్లు లేరు. పొద్దున్నే ఆ జడ అల్లేసరికి నాకు ఇప్పటికీ ప్రాణం మీదికి వస్తుంది. ఒకటి మాత్రం మారింది, వాడు దాన్ని పీక్కోవడం లేదు. మొన్న పక్కింటామె ఈ అవతారం ఏందిరా అనడిగితే, వెనక్కి తిరిగి జడ చేత్తో పట్టుకుని చూపించాడు.

"ఇది నాది కాదు, మా మామది."