గుడ్డు లేని క్రీముకు ఇరవై గుడ్లు

మా తాతయ్య ముప్పై ఏళ్ళు గోడలకు రంగులు వేశాడు. ఇప్పుడు క్యాబేజీకి వేస్తున్నాడు. ఈ మాట ఆయన ముందు అంటే గరిటె విసురుతాడు గానీ గురి కుదరదు.

నిచ్చెన మీంచి పడి మోకాలు చెడిపోయాక ఆయన మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. నాలుగంతస్తుల ఆఫీసు భవనంలో మెట్ల కింద ఒక గూడు ఉంది. ఒకప్పుడు అందులో చీపుళ్ళూ బకెట్లూ పెట్టేవారు. ఇప్పుడు ఒక బల్ల, చిన్న ఫ్రిజ్, తాతయ్య, నేను. లెక్కలకీ నాకూ పడక బడి మానేసిన రోజు నుంచి నా చోటు అదే. పొద్దున్నే కీరా, క్యారెట్, క్యాబేజీ తరిగి సలాడ్ డబ్బాల్లో సర్దుతాం. పన్నెండున్నరకల్లా పై అంతస్తుల గుమాస్తాలు దిగివస్తారు. టమాటా పక్కన క్యారెట్ పెడితే తాతయ్య ఊరుకోడు.

"కళ్ళున్నాయా నీకు? ఎరుపు పక్కన నారింజ వేస్తారా ఎవరైనా?" అంటాడు. తినేవాళ్ళు మూత తీసి ఒక్కసారి కలిపితే అన్ని రంగులూ ఏకమవుతాయని చెప్పినా వినడు.

ఆ కొట్టు పెట్టించింది గుడ్లత్త. వరుసకు ఎవరికి ఏమవుతుందో తెలియదు గానీ వీధి మొత్తానికి ఆవిడ అత్తే. ఎదురింటి డాబా మీద పాతిక కోళ్ళను పెంచుతుంది. రోజుకు ఇరవై గుడ్లు వస్తాయి. మోకాలి కట్టుతో తాతయ్య మూడు నెలలు గోడ వైపు తిరిగి పడుకుని, తిండి కూడా వద్దంటున్న రోజుల్లో, ఆవిడ ఒక గిన్నె, నూనె సీసా, నాలుగు గుడ్లు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

"కాలు పోతే పోయింది, చేతులున్నాయిగా అన్నయ్యా. తిప్పండి," అంది.

సొనలో చుక్కచుక్కగా నూనె తను పోస్తూ, ఆయన చేత గిలకొట్టించింది. పావుగంటకు అది చిక్కటి క్రీము అయింది. తాతయ్య వేలితో కాస్త తీసుకుని నాలుక మీద కాదు, గోడ మీద రాసి చూశాడు. "జారడం లేదు," అన్నాడు. ఆయన మూడు నెలల తర్వాత నవ్వింది అప్పుడే. దాన్ని సలాడ్ మీద వేసి అమ్మమని చెప్పిందీ ఆవిడే. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా పన్నెండు పెద్ద గుడ్లు ఏరి మా గుమ్మంలో పెట్టేది, డబ్బు నెలాఖరున తీసుకునేది.

అంత చేసిన మనిషికి మేం ఏం చేశామో చెప్తాను.

మూడో అంతస్తు ఆవిడ ఒకరోజు డబ్బా అందుకుని, "ఇందులో గుడ్డుందా?" అని అడిగింది. ఉందనగానే డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోయేవాళ్ళు వారానికి పదిమంది ఉండేవారు. పైగా ఎండల్లో పచ్చి గుడ్డు క్రీము మధ్యాహ్నానికే వాసన మారేది. నేను ఫోన్లో వెతికి, గుడ్డు లేకుండా చేసే పద్ధతి ఒకటి పట్టాను. సన్నటి పొడుగు జాడీలో అర గ్లాసు చల్లటి పాలు, ఒక గ్లాసు నూనె, ఉప్పు, చిటికెడు ఆవపొడి, చిన్న వెల్లుల్లి రెబ్బ. చేతి బ్లెండర్‌ను అడుగుదాకా దించి, కదపకుండా నొక్కి పట్టాలి. అడుగు నుంచి తెల్లగా మబ్బులా లేచాక మెల్లగా పైకి లాగాలి. తొందరపడి ఎత్తామా, పాలు పాలే, నూనె నూనే. నిమ్మరసం చివర్లో పిండితే ఇంకాస్త బిగుస్తుంది. అంతా కలిపి రెండు నిమిషాల పని.

తాతయ్య గరిటె తిరగేసి చూశాడు. జారలేదు. ఆయన మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది.

"మరి ఆవిడ గుడ్లు?"

"ఇంక వద్దని చెప్పు."

"నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్పాలి? చెల్లెమ్మ నీకు."

"పద్ధతి నీది."

ఇద్దరం చెప్పలేదు. ఒక అట్టముక్క మీద 'గుడ్డు లేదు' అని నేనే పెద్ద అక్షరాలతో రాసి కొట్టుకు తగిలించాను. జనం పెరిగారు. గుడ్లత్త ప్రతి మంగళవారం కోళ్ళ మేతకు ఆ దారినే వెళ్తుంది. ఆవిడ గొంతు వినబడగానే తాతయ్య ఒంటిమీది ఏప్రాన్ విప్పి అట్ట మీద వేసేవాడు.

"ఏం అన్నయ్యా, ఉక్కగా ఉందా?"

"అవునమ్మా, ఒకటే ఉక్క."

చలికాలం వచ్చినా మా కొట్లో ఉక్క తగ్గలేదు.

ఇంట్లో ముగ్గురం, తాతయ్య, అమ్మ, నేను. రోజుకు పన్నెండు గుడ్లు. ఉడకబెట్టినవి, వేయించినవి, అట్టు పోసినవి, మళ్ళీ ఉడకబెట్టినవి. "ఇంకో నెల ఇలాగే తింటే పొద్దున్నే మనమే కూత పెడతాం నాన్నా," అంది అమ్మ. తాతయ్య తల వంచుకుని రెండో గుడ్డు ఒలుచుకున్నాడు.

నాకు మాత్రం తల వంచుకుని తినే ఓపిక లేదు. గుడ్లు సంచిలో వేసుకుని ఇస్త్రీ మామకు మూడు, కటింగ్ షాపు బాబాయికి మూడు, వాచ్‌మన్‌కు రెండు ఇచ్చేదాన్ని. ఎక్కడివని అడగొద్దన్నాను. ఊరికే వచ్చే గుడ్డును ఎవరడుగుతారు? ఎటు పోతున్నాయో ఇంట్లో వాళ్ళూ అడగలేదు. అమ్మ వండుతోందని తాతయ్య అనుకున్నాడు, తాతయ్య ఎవరికో ఇస్తున్నాడని అమ్మ అనుకుంది. నా సంచి గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

వాళ్ళు ముగ్గురూ అంతకు ముందు ఎవరి దగ్గర గుడ్లు కొనేవారో మాత్రం నాకు తట్టలేదు. తట్టలేదని ఇప్పటికీ అంటాను. ఆలోచిస్తే ఎక్కడ తడుతుందో అని ఆలోచించలేదు, అది నిజం.

"ఏమిటో అన్నయ్యా, వీధికి గుడ్లంటే మొహం మొత్తింది. రోజూ ఎనిమిది మిగిలిపోతున్నాయి," అంది గుడ్లత్త ఒకరోజు గుమ్మంలో నిలబడి.

"ఆ ఎనిమిదీ నాకే వేసెయ్యమ్మా," అన్నాడు తాతయ్య. అమ్మ లోపల గిన్నె కింద పడేసింది. ఆ రోజు నుంచి ఇరవై గుడ్లూ మావే. నా సంచి ఇంకాస్త బరువెక్కింది.

నెల తిరిగాక ఒక పొద్దున, మంగళవారం కాని రోజున, గుడ్లత్త కొట్టు దగ్గరికి వచ్చింది. తాతయ్య ఏప్రాన్ విప్పడానికి వ్యవధి ఎలా దొరికిందో నాకిప్పటికీ అర్థం కాదు.

"మలుపులో కొత్త బేకరీ ఆయన నా గుడ్లన్నీ తనకే కావాలంటున్నాడు అన్నయ్యా. రోజూ ఇరవై, ఏడాది పొడుగునా. ఒక్కటి తగ్గినా వద్దట. మధ్యాహ్నంలోగా చెప్పకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాట్ట."

తాతయ్య మొహం విప్పారింది. "ఇంకేం కావాలమ్మా! వెళ్ళి చెప్పెయ్!"

"చెప్పడానికే వెళ్తున్నా, కుదరదని. వీధి వీధంతా నన్ను వదిలేసినా మీరొక్కరే నిలబడ్డారు. ఇప్పుడు మీ నోరు కొట్టి నేను బాగుపడనా?"

"నేను ఇంకెక్కడైనా తెచ్చుకుంటాలే..."

"బజారు గుడ్లా? ఎన్నాళ్ళవో ఏమో! వాటితో పచ్చి క్రీము చేస్తారా? మీకు మొహమాటం ఎక్కువని నాకు తెలీదా?" అంటూ ఆవిడ సంచి భుజాన వేసుకుని కదిలింది.

ఆవిడ నాలుగడుగులు వేసింది. అప్పుడు తాతయ్య చెయ్యి చాచి అట్ట మీది ఏప్రాన్ లాగేశాడు.

"చెల్లెమ్మా, ఒక్కసారి ఇటు చూడు."

ఆవిడ వెనక్కి వచ్చింది. అట్ట మీద ఉన్నవి రెండే మాటలు. చాలాసేపు చదివింది.

"ఎప్పటినుంచి?"

"ఐదు నెలలైంది."

"మరి నా గుడ్లు?"

"తిన్నాం."

"ముగ్గురు. రోజుకు ఇరవై."

తాతయ్య నా వైపు తిరిగాడు. ఆ లెక్క ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది.

"నేను పంచాను అత్తా," అన్నాను. ఎవరెవరికని ఆవిడ అడిగితే చెప్పాను. ఒక్కో పేరుకూ ఆవిడ కనుబొమలు ఒక్కో మెట్టు పైకెక్కాయి.

"ఇస్త్రీ ఆయన ఒంటికి పడటం లేదని మానేశానన్నాడే!"

"రోజుకు మూడు పడుతున్నాయి అత్తా."

నా నోరు అంతే. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

గుడ్లత్త సంచి దించి బల్ల ముందు నిలబడింది. "చెయ్యండి. ఎలా చేస్తున్నారో చూస్తా."

తాతయ్య పాలు పోశాడు, నూనె పోశాడు. తొందరపడి బ్లెండర్ ముందే పైకి ఎత్తేశాడు. ఐదు నెలల్లో మొదటిసారి క్రీము విరిగింది. అది పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నూనె చుక్కచుక్కగా పొయ్యక్కర్లేదా?" అంది ఆవిడ.

"అక్కర్లేదమ్మా," అన్నాడు, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

ఆవిడ చెంచాతో కాస్త నాలుక మీద వేసుకుంది. "ఉప్పు తక్కువ," అంది. తర్వాత చెంచా కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టింది. "అక్కర్లేదని చెప్పి ఉంటే నేనేమీ ఏడ్చేదాన్ని కాదు. కోడి పెట్టినవి ఎవరో ఒకరు తింటారు. పెద్దవన్నీ మీకు ఏరి పెట్టి, చిన్నవి ఇస్తున్నానని అందరి చేతా మాటలు పడ్డాను. అదొక్కటే నాకు..."

సంచి ఎత్తుకుంది. "వస్తాను, పెద్దాయనా."

అన్నయ్యా అనలేదు. ఆవిడ మలుపు తిరిగి బేకరీ మెట్లెక్కడం నేను రోడ్డు మీదికి పరుగెత్తి చూసి వచ్చి చెప్పాను. "ఎక్కిందా?" అని తాతయ్య రెండుసార్లు అడిగాడు.

ఇప్పుడు ఇరవై గుడ్లూ బేకరీకే వెళ్తాయి. మా ఇంట్లో గుడ్డు కనబడి రెండు నెలలైంది. బజార్లో కొనుక్కొస్తానంటే తాతయ్య ఒప్పుకోడు. "ఆవిడ డాబా మీంచి చూస్తే?" అంటాడు. ఇస్త్రీ మామ మాత్రం నన్ను చూసినప్పుడల్లా సంచి వైపు చూస్తాడు. గుడ్లత్త ఇంటి బట్టలు నాలుగు రోజులు ఊరికే ఇస్త్రీ చేసి పంపితే బాగుంటుందని ఆయనకు చెప్పాను. అది చెప్పే మొహం నీకుందా అన్నాడు. లేదు.

తాతయ్య క్రీములో ఉప్పు పెంచాడు. ఎక్కువైందని మూడో అంతస్తు ఆవిడ రెండుసార్లు చెప్పింది. తగ్గించడం లేదు.

మంగళవారం వస్తే ఏప్రాన్ ముడి రెండుసార్లు బిగించుకుంటాడు, చెయ్యి పొరపాటున దాని మీదికి పోకుండా. ఆరు మంగళవారాలు గుడ్లత్త ఇటు చూడకుండానే వెళ్ళిపోయింది. మొన్న మాత్రం ఆగింది. అట్ట వైపు చూసింది, ఏప్రాన్ వైపు చూసింది.

"ఏం, ఇవాళ ఉక్క లేదా?" అంది.

"లేదమ్మా," అన్నాడు తాతయ్య.

ఆవిడ మేత కొట్టుకు వెళ్ళిపోయింది. తాతయ్య టమాటా పక్కన క్యారెట్ పెట్టి మూత వేసేశాడు. నేను ఆ డబ్బాను అలాగే ముందు వరసలో పెట్టాను.