అరుగు మీద చెంబు నీళ్ళు

మా వీధిలో అరుగులన్నిటికీ ఇనుప గ్రిల్లులు బిగించేశారు. ఎండన పడి వచ్చిన మనిషికి నడుం వాల్చే చోటు లేకుండా చేశారు. ఇది తప్పు. ఎవరికి కోపం వచ్చినా తప్పే అంటాను.

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వు. ఎవరికో గాలి సోకిందని వేపమండలు పట్టుకొస్తే, ముందు ఒళ్ళు కాలుతోందేమో చూడండని పోట్లాడినవాణ్ణి. బడి మెట్లెక్కలేదు గాని, చేతికి దొరికిన ప్రతి కాగితమూ చదివాను. అంచేత ఇది భయపడి రాస్తున్నది కాదు.

మాది గజపతినగరం దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం వీధికి రెండువైపులా అరుగుల నిండా మనుషులే. పెంకుటిళ్ళ చూరు నీడ, పేడతో అలికిన చల్లటి నేల. సంతకు పోయి వచ్చేవాళ్ళు, గాజులమ్మేవాళ్ళు, ఎవరైనా సరే, ఏ అరుగు మీదైనా తువ్వాలు పరిచి పడుకోవచ్చు. నువ్వెవరని అడగకూడదు. తల దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి, పైన ఆకు మూసి, నిద్ర చెడకుండా వచ్చెయ్యాలి. లేచినవాడు తాగి, చెంబు బోర్లించి తన దారిన పోతాడు. అదీ మర్యాదంటే.

వేసవి సెలవుల్లో ఆ నీళ్ళు పెట్టే పని పిల్లలది. నాకు సెలవులేమిటి, పశువుల వెనక తిరిగేవాణ్ణి. ఎండ ముదిరాక గొడ్లను చింతల నీడన తోలి నేనూ అరుగుల దగ్గరికే చేరేవాణ్ణి. చెంబులు మోశాను. బడి పిల్లల పలకలు చూసి అక్షరాలు నేర్చుకున్నదీ ఆ అరుగుల మీదే.

ఇప్పుడు నేనుండేది రేకుల ఇల్లు. మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే. పొద్దు నడినెత్తికొచ్చేసరికి రేకులు పెనంలా కాలతాయి, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. పోయిన వేసవిలో ఒకరోజు తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని సూర్నాయుడి అరుగుకు వెళ్తే గ్రిల్లుకు తాళం. లోపలి నుంచే మాట్లాడాడు.

"కుక్కలు దూరతన్నాయి బావా. తాగుబోతులొచ్చి తొంగుంటన్నారు. ఏటి సెయ్యమంటావు?"

"నానేటిరా, కుక్కనా, తాగుబోతునా?"

"కోప్పడకు బావా. నువ్వో కూలరు కొనుక్కో, నానే వొచ్చి మీ ఇంట్లో తొంగుంటాను" అని నవ్వాడు.

వీధి చివర ఒక ఇల్లు మిగిలింది. నూనె వ్యాపారం చేసినవాళ్ళది. బొబ్బిలి వెళ్ళిపోయి తాళం వేసుకున్నారు గనక దానికి గ్రిల్లు రాలేదు. అక్కడ పడుకుని, తడి తువ్వాలు మొహం మీద కప్పుకున్నాను.

లేచేసరికి తల దగ్గర ఇత్తడి చెంబు. పైన బాదం ఆకు. కుండలోంచి అప్పుడే ముంచినట్టు చల్లటి నీళ్ళు.

తాగుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ పోయాక, నేను నిద్రలో ఉండగా నా దగ్గరికి వచ్చిన మనిషి లేదు.

మర్నాడూ అంతే. తొలకరి పడేదాకా అంతే. చెంబు బోర్లించి వచ్చేవాణ్ణి, సాయంత్రం చూస్తే ఉండేది కాదు. ఎవరో చూద్దామని మేలుకుని ఉండబోయాను. ఏ రోజూ నా వల్ల కాలేదు, కళ్ళు మూతలు పడిపోయేవి.

ఉన్న సంగతులు చెప్తాను. మా ఇంట్లో చెంబే లేదు. ఇత్తడి సామానంతా ఆవిడ దినాలకు వచ్చినవాళ్ళకు ఇచ్చేశాను. ఉన్నది ఒక స్టీలు గ్లాసు, ఒక ప్లాస్టిక్ సీసా. ఊళ్ళో బాదం చెట్టు మాత్రం మా పెరట్లోదొక్కటే. ఎవరో వచ్చి ఆకు కోసుకుంటున్నారనుకున్నాను.

నన్ను తలుచుకునే మనిషి ఈ ఊళ్ళో ఇంకా ఒకరున్నారు. ఆ ఒక్కరెవరో తెలియాలి. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. మాకు తెలీదన్నారు.

ఆఖరికి మిగిలింది పైడమ్మ. ఆమె ఇల్లు ఆ అరుగుకు సరిగ్గా ఎదురు. మధ్యాహ్నమంతా గ్రిల్లు వెనక కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంది. ఆ గ్రిల్లు పెట్టించినప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను, అప్పట్నుంచి మాటల్లేవు. రోషం మింగి వెళ్ళి, నాకు నీళ్ళు పెట్టిందెవరమ్మా అని అడిగాను.

ఆమె చూపు మంచిది. అబద్ధమాడే మనిషి కాదు. ఏడాది తిరిగినా ఆమె మాట నాకు అంతుపట్టలేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"నన్నడుగుతావేటి మావా? రోజూ సెంబు తెచ్చి పెడతన్నది నువ్వే కదా. అలికిడి సెయ్యకుండా వొస్తావు, తలకాడ పెట్టి ఆకు మూస్తావు, ఎల్లిపోతావు. మనకి మాటల్లేవని పిలవనేదు గానీ, మొకమ్మీద తువ్వాలు కప్పుకుని తొంగున్న ఆ ముసిలాయన ఎవులు మావా? పాపం, ఆయనకి ఎవులూ నేరా?"