అతని లెన్సులు పట్టని కెమెరా

కెమెరా కొనుక్కోవాలనుకున్నప్పుడు మా మధ్య మొదలైన గొడవ చాలా చిన్నది. నాకు నచ్చింది ఒక కంపెనీది, అతను కొనమంటున్నది ఇంకో కంపెనీది. రెండూ డీఎస్‌ఎల్‌ఆర్‌లే, రెండూ మధ్యరకానివే, ధరలో పెద్ద తేడా లేదు. మిర్రర్‌లెస్ అనే కొత్తరకం కెమెరాలొచ్చిన రోజుల్లో ఇంకా ఈ పాతరకానివేమిటని ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ. నా జీతం, నా ఇష్టం.

అతను మా ఆఫీసులోనే వేరే టీమ్‌లో పనిచేసేవాడు. వాళ్లది కరీంనగర్ వైపు, మాది ప్రొద్దుటూరు దగ్గర. ఆదివారాలు పొద్దున్నే అతను లింగంపల్లి నుంచి, నేను హఫీజ్‌పేట్ హాస్టల్ నుంచి బయల్దేరి అమీన్‌పూర్ చెరువు దగ్గర కలుసుకునేవాళ్లం. పిట్టల్ని ఫొటోలు తీయడం అతని పిచ్చి. అతని పక్కన కూర్చోవడం నా పిచ్చి. పెళ్లి చేసుకుందామని ఎప్పుడో అనుకున్నాం. మా ఇంట్లో నేను చెప్పేశాను. అమ్మ కొన్నాళ్లు మాట్లాడటం మానేసింది, తర్వాత ఓ రోజు ఉన్నట్టుండి ఫోన్ చేసి ఆ అబ్బాయికి సంగటి పడుతుందా అని అడిగింది. అంటే దారికొచ్చిందన్నమాట. ఇక అతను వాళ్లింట్లో చెప్పాలి. ఈ నెల, వచ్చే నెల అంటూ ఉండేవాడు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఎవరు దేన్ని బాగుందన్నా ముందు నమ్మను. తెలిసినవాళ్ల దగ్గర రెండు కెమెరాలూ అడిగి తెచ్చుకుని, ఒకే కిటికీ దగ్గర ఒకే మనిషిని కూర్చోబెట్టి తీసి చూశాను. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. విసుక్కుంటూనే కూర్చున్నాడు. నాకు నచ్చినదాంట్లో ముఖం మీది నీడలు కూడా చక్కగా వచ్చాయి, పట్టు నా చేతికి అతికినట్టు కుదిరింది. అతను చెప్పినదాంట్లో వీడియో బాగుంటుందట. నాకు వీడియో అక్కర్లేదు. ఏ లెక్కన చూసినా నాదే గెలవాలి.

అతనిది ఒకటే వాదన. అతని దగ్గర మంచి మంచి లెన్సులున్నాయి, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నవి. ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ కెమెరాకు బిగదు.

"నా లెన్సులు గా కెమెరాకు పట్టయ్. రేపు మనం యాడికన్న పోతే రెండు సంచులు మోస్తమా? ఒక్కటే సంచి ఉండాలె మనకు."

"నీ లెన్సుల కోసం నాకు నచ్చనిది కొనుక్కోవాల్నా? బాగుందప్పా నీ న్యాయం!"

పైకి అలా ఎగిరేదాన్ని కానీ, అతని నోట ఆ "మనం" వినడానికే వాదన సాగదీసేదాన్ని. అతను చెప్పిందే కొంటానని లోలోపల ఎప్పుడో తేల్చుకున్నాను. ఒకరి దగ్గర ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

ఒక శనివారం సాయంత్రం మాదాపూర్‌లో షాపుకి వెళ్లాం. అంతకుముందు వారమంతా అతను వాళ్ల ఊళ్లో ఉన్నాడు. ఫోన్లు తగ్గాయి. ఇంట్లో పని ఉందన్నాడు, నమ్మాను. దేన్నీ నమ్మననే నా గొప్ప అతని దగ్గర ఎప్పుడూ పనిచేయలేదు. రెండు కెమెరాలూ కౌంటర్ మీద పెట్టించి, సరే, నీ మాటే నెగ్గించుకో అనబోయాను. అంతలో అతనే అన్నాడు.

"నీకు నచ్చిందే తీస్కో. అదే మంచిగుంది."

గెలిచానని ఒక్క క్షణం సంబరపడ్డాను కూడా. తర్వాత అడిగాను.

"మరి లెన్సులు?"

"నీవి నీకుంటేనే మంచిది," అన్నాడు కెమెరా వైపే చూస్తూ.

"మీ ఇంట్లో చెప్పినావా?"

"చెప్పిన."

"ఒప్పుకోలేదా?"

"వాళ్లు ఒప్పుకోలే. అమ్మ అన్నం ముట్టుడు బంద్ చేసింది." కెమెరా పట్టీని సరిచేస్తూ అన్నాడు. "వాళ్లు చూసిన పిల్లకు నేనే ఒప్పుకున్న."

షాపులో ఎవరో పుట్టినరోజు ఫొటోలకు ఏ ఫ్లాష్ బాగుంటుందని అడుగుతున్నారు. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఈ మాట చెప్పడానికి నీకు ఈ షాపే దొరికిందా అని అరవాలనిపించింది. కానీ ఎందుకు ఇక్కడ చెప్పాడో నాకు తెలుసు. తను లేకపోతే నాకు అక్కర్లేని వస్తువును నా చేత కొనిపించలేకపోయాడు. నన్ను వదిలేస్తూ కూడా నా మేలే చూశాడు. కోపంగా ఉండనివ్వని ఆ మంచితనమే నన్ను ఎక్కువగా కాల్చింది.

కౌంటర్ వెనకాయన మా ఇద్దరి ముఖాలూ చూసి, చూడనట్టే అడిగాడు. "ఏది ప్యాక్ చేయమంటారండి, మేడమ్?"

నేను అతని కంపెనీది చూపించాను.

"ఏయ్, గది వద్దు," అన్నాడు అతను. "జర ఆలోచించు. గది నీకెందుకు?"

"నా డబ్బులు. నీకెందుకు?"

"లెన్సుతో కలిపి ఇమ్మంటారా, బాడీ ఒక్కటే చాలా అండి?" అన్నాడు కౌంటర్ వెనకాయన.

లెన్సు లేని కెమెరాతో ఒక్క ఫొటో కూడా తీయలేం. అది నాకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ సాయంత్రం మొదటిసారి అతను నా ముఖంలోకి చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కళ్లనిండా నీళ్లు.

"బాడీ ఒక్కటే ఇవ్వండి," అన్నాను. "లెన్సులు మా దగ్గర ఉన్నాయి."