ఓలాఫ్ అంటే నవ్వు కాదు

గుణదల తిరునాళ్లలో కొవ్వొత్తుల వాసన తగలగానే నాకు మా తమ్ముడి జ్ఞానస్నానం గుర్తొస్తుంది. మా నాన్న చనిపోయిన కొద్ది నెలలకు వాడు పుట్టాడు. కాన్పు చేసిన నార్వే సిస్టరుగారు చెప్పిన ఓలాఫ్ అనే పేరే అమ్మ వాడికి పెట్టింది. లాఫ్ అంటే నవ్వు అని బడిలో నేర్చుకున్న నాకు కోపమొచ్చింది.

“నాన్న పోయి మనం ఏడుస్తుంటే వీడికి నవ్వు అని పేరేంటమ్మా?”

“నవ్వు కాదురా. పూర్వం వాళ్ల దేశాన్నేలిన ఒక పునీతుడి పేరంట. పెద్దలు వదిలివెళ్లిన వారసుడు అని అర్థమంట.”

“మరి నాకెందుకు పెట్టలేదు?”

“నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న ఉన్నారు కదరా.”

అంత మంచి పేరు వాడికే ఇచ్చారని ఆ రోజు అలిగి అన్నం తినలేదు. నాన్న భుజాలెక్కి తిరిగిన రోజులు నాకున్నాయి. వాడికి ఆ పేరొక్కటే ఉందని ఇప్పుడనిపిస్తుంది.