ఖాళీ రంధ్రంలో తీగ ముక్క

నా చిన్నప్పుడు, ప్రత్యేక రాష్ట్రం కోసం మా మానుకోటలో బడులు నెలల తరబడి మూతపడిన రోజుల సంగతి ఇది. చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి ఒట్టేసి రాస్తున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం.

అప్పటికి ఊరు బాగా అలసిపోయింది. బందులు, ఊరేగింపులు, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతులు. బడి లేదన్న సంతోషం కూడా మా పిల్లలకు పాతబడింది. ఆ రోజుల్లో, రేడియోలు బాగుచేసే పక్కింటి చాచా ఒక ప్రొజెక్టర్ కట్టాడు. పాలపొడి డబ్బాలో బల్బు, దాని ముందు భూతద్దం, పక్కన టేపు వినిపించే సౌండు డబ్బా. జైలుకు పోయిన విద్యార్థుల ఫొటోలు తెర మీద చూపించి, వాళ్ల ఉపన్యాసాలు వినిపించాలని ఆయన ఆలోచన. వాళ్లలో ఒకతని తల్లి గార్ల నుంచి వచ్చింది. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్లం. జైల్లో కొడుకును చూడనివ్వలేదట. గొంతైనా విని పోదామని వచ్చింది.

సౌండు డబ్బాకు రెండు రంధ్రాలు. ఒకటి టేపుకు, ఒకటి మైకుకు. ప్రదర్శన రోజు మైకు లేదు. అయినా ఆ ఖాళీ రంధ్రంలో చాచా ఒక తీగ ముక్క గుచ్చి, రెండో కొసను డబ్బా ఇనుముకు బిగించాడు. దేనికీ పోని ఆ తీగ దండగనిపించింది నాకు. పొద్దున్నే పీకి నా పుల్లల బండికి ఇరుసు చేసుకున్నాను.

మిట్టమధ్యాహ్నం రైసుమిల్లు గోదాము తలుపులు మూసి ప్రొజెక్టర్ వెలిగించారు. తెర మీద కొడుకు ముఖం వచ్చింది. డబ్బాలోంచి మాత్రం గుయ్యిమని మోత. ఆ మోతకు గోదాములో ఎలుకలన్నీ వరుసకట్టి స్టేషనుకు నడిచి, డోర్నకల్ బండెక్కాయి.

"గిది నా కొడుకు గొంతేనా నాయినా?" అంది అవ్వ.

"జర ఆగు అవ్వా," అని చాచా టేపు మార్చాడు, వైర్లు కదిపాడు. మోత తగ్గలేదు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని తెర వంక చూస్తూనే ఉంది. అప్పుడు నేను లేచి నిలబడి, తీగ నేనే తీశానని ఒప్పుకున్నాను.

"పని లేదని తీసినవా బేటా? ఖాళీగున్న నోరు ఊకుండదు. చుట్టూతా ఉన్న కరెంటు మోతంత అదే పట్టుకుంటది. గందుకే కట్టేసిన," అని చాచా మరో తీగ బిగించాడు.

మోత ఆగింది. ముందు ఒక దగ్గు వినిపించింది, ఆ తర్వాత ఉపన్యాసం.

"దగ్గు ఇంకా తగ్గలే వానికి," అంది అవ్వ. ఉపన్యాసం ఆమె చెవికెక్కలేదనుకుంటాను. టేపు అయిపోయాక, ఆ దగ్గు కాడికే మళ్లీ తిప్పమంది.

ఈమధ్య ఒంట్లో ఓపిక లేకపోయినా ఇంట్లో ఒక చిన్న ప్రొజెక్టర్ కట్టుకుంటున్నాను. ఎల్‌ఈడీలకు కరెంటు పంచే డ్రైవర్ చిప్పుకు దీపాలు తగిలించే కాళ్లు ఆరున్నాయి. నావి నాలుగు దీపాలే. మిగిలిన రెండు కాళ్లనూ ఏం చేయాలో తెలియక, చిప్పు వివరాల కాగితం రెండుసార్లు చదివాను. గ్రౌండుకు కలపమంది, కలిపాను. మరో చిప్పుకైతే వదిలేయమనే రాసి ఉండవచ్చు, అప్పుడు వదిలేస్తాను. వాడటం లేదు కదా అని తెలుసుకోకుండా మాత్రం దేన్నీ ముట్టుకోను.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట కల్పించాను. ఆ రోజు నేను లేవలేదు, ఏమీ ఒప్పుకోలేదు. చాచాయే ఖాళీ రంధ్రం చూసుకుని, ఎవరినీ అడగకుండా, "మర్చిపోయిన అవ్వా, తప్పు నాదే," అన్నాడు. ఖాళీ నోటి గురించి నాతో అన్న మాటలు, మర్నాడు నా బండి ఇరుసు చూసి, నన్నొక్కణ్ణే కూర్చోబెట్టుకుని చెప్పినవి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ, కనీసం ఇందులోనైనా, నేను లేచి నిలబడుతున్నాను.